యుద్ధం మీద చదువుకూ కాస్త చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ తర్వాత ఏం చదవాలన్న విషయం మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చూశాను. రక్షణ రంగం అన్న చోట అగ్నివీర్, సీడీఎస్ (సైనికాధికారుల ఎంపిక) పరీక్షల వివరాలు శ్రద్ధగా ఇచ్చారు. యుద్ధాలను చదివి, పరిశోధించి, వాటి గురించి రాయడాన్నే వృత్తిగా చేసుకున్నవాళ్లు కూడా ఉంటారని మాత్రం ఒక్క ముక్క లేదు.

నేను సైన్యంలో క్లర్కుగా చేసి హవల్దారుగా రిటైరయ్యాను. యూనిట్ వార్ డైరీ టైపు చేయడం నా పనుల్లో ఒకటి. ఎన్ని గంటలకు ఏ పోస్టు మీద కాల్పులు మొదలయ్యాయి, మందుగుండు ఎంత ఖర్చయింది, ఎవరికి దెబ్బ తగిలింది, అంతవరకే అందులో ఉంటుంది. రేడియో సెట్ బ్యాటరీ అయిపోయి పక్క పోస్టులో ఏం జరుగుతోందో తెలియక పడిన టెన్షన్ కాగితం మీదకు రాదు. రాసింది చదివి, రాయనిది వెతికి, జరిగిందేమిటో తేల్చడానికి వేరే మనిషి కావాలి.

మా అన్నయ్య మనవరాలు ఎం.ఏ. హిస్టరీ చదువుతోంది. యుద్ధ చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తానంటే ఇంట్లో పెద్ద రగడ. "యుద్ధాల మీద చదువేటే? కానిస్టేబుల్ పోస్టుకి అప్లై చెయ్యి" అని వాళ్ల మేనమామ. నన్ను పంచాయితీకి పిలిచారు. నేను పిల్ల పక్షమే.

మైకేల్ హోవార్డ్ అనే బ్రిటిష్ చరిత్రకారుడి సంగతి ఆ పిల్లే చెప్పింది. 1922లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పోరాడి, సలెర్నో దగ్గర చూపిన ధైర్యానికి మిలిటరీ క్రాస్ అందుకున్నాడు. యుద్ధమయ్యాక ఇంకొకాయనతో కలిసి తన కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ రెజిమెంట్ చరిత్ర రాశాడు. ఇలాంటి పుస్తకం ప్రతి పల్టనుకూ ఒకటుంటుంది, చాలావరకు పొగడ్తలే. ఆయన అక్కడితో ఆగలేదు. లండన్ కింగ్స్ కాలేజీలో యుద్ధ అధ్యయనాల విభాగాన్ని నిలబెట్టాడు. 1958లో లండన్‌లో వ్యూహ అధ్యయనాల సంస్థ పెట్టినవాళ్లలో ఒకడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్. 2019లో పోయేనాటికి 97 ఏళ్లు. సైనికాధికారులకు ఆయన చెప్పిందేమిటంటే, తరాలు మారేకొద్దీ యుద్ధం ఎలా మారిందో చూడాలి, ఏదో ఒక యుద్ధాన్ని అడుగుదాకా తవ్వాలి, ఆ యుద్ధం చేసిన సమాజం ఎలాంటిదో తెలుసుకోవాలి.

ఈ లెక్కన మన బొబ్బిలి యుద్ధాన్ని చూడండి. 1757 జనవరి 24. తాండ్ర పాపారాయుడి పేరు తెలియని ఇల్లు ఇటుపక్క లేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను ఏ దారిన లాక్కొచ్చాడు, ఎడ్లు ఎవరిచ్చారు, అంత సైన్యానికి బియ్యం ఎక్కడివి అని అడిగి చూడండి, బుర్రకథలో జవాబు దొరకదు. ఇంగ్లీషులో అందరూ ఎత్తి రాసే కథనం రాబర్ట్ ఓర్మ్‌ది. ఆయన అప్పట్లో మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ కౌన్సిల్ సభ్యుడు. ఆ సంపుటం అచ్చయింది 1778లో. అంటే 21 ఏళ్ల తర్వాత, ఫ్రెంచివాళ్ల ప్రత్యర్థి రాసిన మాట.

తర్వాతి కథ ఇంకా చిత్రం. బొబ్బిలి మీదకు ఫ్రెంచివాళ్లతో కలిసి వెళ్లిన విజయనగరం సంస్థానమే 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లతో చేరి ఫ్రెంచివాళ్లను ఓడించింది. 1794 జులై 10న పద్మనాభంలో అదే ఇంగ్లీషు కంపెనీ సైన్యం చేతిలో విజయనగరం రాజు చిన విజయరామరాజు ప్రాణాలు పోయాయి. ఎవరితో చేతులు కలపాలి, అందుకు ఎంత మూల్యం చెల్లించాలి అన్నది 37 ఏళ్లలో మన గడ్డ మీదే చూశాం. దీన్ని పట్టుకుని ఒక పిల్ల పరిశోధన చేస్తానంటే నవ్వుతామా?

సైన్యంలో చేసి ఉండాలనే నియమమూ లేదు. మన దేశంలో ఈ విద్యకు దారి వేసిన కె. సుబ్రహ్మణ్యం ఐఏఎస్ అధికారి. ఢిల్లీలో 1965లో మొదలైన రక్షణ అధ్యయనాల సంస్థకు రెండు విడతలు డైరెక్టర్. 1999 కార్గిల్ యుద్ధం తర్వాత వేసిన సమీక్షా కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే. యుద్ధ చరిత్రలు రాయించాలని ఆ కమిటీ సిఫారసు చేస్తే, రక్షణ శాఖ 2021లో విధానం తెచ్చింది. యుద్ధం ముగిసిన రెండేళ్లలోపు కమిటీ వేయాలి, ఆపై మూడేళ్లలో చరిత్ర సిద్ధం చేయాలి, మామూలుగా 25 ఏళ్లకు రికార్డులు బయటపెట్టాలి. బయటపెడితే మాత్రం, చదవడం వచ్చినవాళ్లేరీ?

ఉద్యోగాలు బోలెడున్నాయని అబద్ధం చెప్పను. తక్కువే. కానీ కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో రక్షణ, వ్యూహ అధ్యయనాలు ఒక సబ్జెక్టుగా ఉంది. మద్రాసు, పూణే, అలహాబాద్ విశ్వవిద్యాలయాల్లో ఇందుకు విభాగాలున్నాయి. 1962 నుంచి కోరుకొండలో సైనిక్ స్కూల్ ఉన్న ఈ ప్రాంతం పిల్లలకు ఈ పాటి సమాచారమైనా అందాలి.

ఇంకొక్క మనవి. 1971 యుద్ధంలో 20 ఏళ్లున్న జవాన్లకు ఇప్పుడు 70 దాటాయి. జిల్లా ఎడిషన్‌లో వారానికి అర కాలమ్ వాళ్లకివ్వండి. శాలువాల ఫొటోలు మానేసి, ఏ యూనిట్, ఏ చోటు, ఏ తేదీ, ఏం తిన్నారు, కళ్లతో ఏం చూశారు, ఏది ఇంకొకరు చెప్పగా విన్నారు అని అడిగి రాయండి. వీలైతే ఆదివారం వద్దు. ఆ రోజు పెళ్లి సంబంధాల ప్రకటనల మధ్య ఎవరికీ కనబడదు.

— ఒక మాజీ హవల్దార్ క్లర్క్,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా