కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పండి చాలు

సంపాదకుడు గారికి,

గంటల తరబడి కరెంటు లేనప్పుడు ఇళ్లలో ఏం చేయాలో గత వారం మీ పత్రికలో సూచనలిచ్చారు. ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తెరవొద్దని, ఫోన్లు ముందే చార్జింగ్ పెట్టుకోమని, నీళ్లు పట్టి ఉంచుకోమని. అవన్నీ మా కోనసీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈదురుగాలి మొదలైతే ముందు మోటారు వేసి ట్యాంకు నింపుకుంటాం.

మా అత్తగారికి షుగర్, రెండు పూటలా ఇన్సులిన్ చేయాలి. ఫ్రిజ్ చల్లదనం పోయాక ఆ సీసాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, చిన్న కుండలో తడి ఇసుక మధ్య ఉంచి, పైన తడిగుడ్డ కప్పుతున్నాం. గుడ్డ ఆరినప్పుడల్లా నీళ్లు చల్లాలి. అర్ధరాత్రయినా ఎవరో ఒకరు లేవాల్సిందే. ఇన్వర్టర్ కొనుక్కోమంటారు. ఉంది. కరెంటు అరగంట వచ్చి మళ్లీ పోతుంటే, ఆ అరగంటా లో వోల్టేజీ అయితే, బ్యాటరీ ఎప్పుడు చార్జ్ అవుతుంది?

ఈ పాట్లన్నీ పడతాం. ఎప్పుడొస్తుందో తెలియకపోతేనే టెన్షన్. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తితే 'పని జరుగుతోందండీ' అని పెట్టేస్తారు. తెల్లారేదాకా రాదని ఒక్క మాట చెబితే పెద్దావిడను బంధువుల ఇంటికి పంపుకుంటాం కదా! అనుకోకుండా సరఫరా ఆగితే ఎప్పటికి బాగవుతుందో వెంటనే మెసేజ్ ద్వారా చెప్పాలని, గడువు దాటితే పరిహారం ఇవ్వాలని కేంద్రం 2020లో తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లోనే ఉంది. బిల్లు కట్టమనే మెసేజ్ తేదీ తప్పకుండా వచ్చే ఫోనుకే ఈ కబురూ పంపడానికి ఏం అడ్డం?

వానలో, చీకట్లో స్తంభం ఎక్కే లైన్‌మ్యాన్‌ను నేనేమీ అనను. తీగల మీదికి వాలిన కొబ్బరి మట్టల్ని వేసవి గాలులకు ముందే కొట్టిస్తే అతనికీ ఆ ప్రాణభయం ఉండదు. అది పైవాళ్లు చేయించాల్సిన పని. పైవాళ్లు ఊళ్లో ఉంటే కదా! ఒకప్పుడు ఇంజినీరు గారు ఇక్కడే కాపురం ఉండేవారు, మాతో పాటే ఉక్కపోతలో కూర్చునేవారు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి బస్సెక్కేస్తున్నారు. ఒక్క కరెంటు ఆఫీసే కాదు, ఏ ఆఫీసు చూసినా ఇదే తంతు. గడిచిన ఏళ్ల ఖర్చుల పేరుతో ఇప్పుడు వసూలు చేసే ట్రూ అప్ చార్జీలని, ఇంకేవో సర్దుబాట్లని బిల్లులో వరసలు మాత్రం పెరుగుతున్నాయి.

1996 తుపానుకు ఇక్కడ స్తంభాలు నేలకూలి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. అప్పుడు ఎవరినీ తప్పుపట్టలేదు. ఇప్పుడు ఒక్క గాలివానకే రాత్రంతా చీకటంటే ఎలా ఊరుకోవాలి?

మీ విలేకరులు ఈసారి మాకు జాగ్రత్తలు చెప్పడం మాని, అధికారుల్ని అడగండి. ఆ మెసేజ్‌లు ఎందుకు పంపడం లేదు? ఇంతవరకు ఎంతమందికి పరిహారం ఇచ్చారు? వాళ్ల జవాబు మీ పత్రికలోనే వేయండి.

ఇట్లు,
ఒక గృహిణి,
అమలాపురం దగ్గర.