సిడ్నీ వెళ్తే రాక్స్‌కి ఒక పూట కేటాయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్‌లో వచ్చిన సిడ్నీ వ్యాసం ఇక్కడ సిడ్నీలోనే మా అమ్మాయి ఫోన్‌లో చూపిస్తే చదివాను. ఒపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి, బాండై బీచ్ గురించి బాగానే రాశారు. కానీ ఆ బ్రిడ్జి పక్కనే, రేవుని ఆనుకుని ఉన్న 'ది రాక్స్' అనే పాత పేట గురించి ఉన్నది ఒక్క వాక్యం, అది కూడా షాపింగ్‌కి బాగుంటుందని. చదివాక మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ వ్యాసాన్ని తప్పుపట్టలేను, ఎందుకంటే మొదటిసారి వచ్చినప్పుడు మేమూ అలాగే చూశాం. ఒక టూర్ బస్సులో ఎక్కాం, ఫొటోలు దిగడానికి పావుగంట టైమిచ్చారు, వెనక్కి రావడం ఆలస్యమైతే బస్సు ఆగదన్నారు, ఆ టెన్షన్‌లో నేను చూసింది నా ముందు నడుస్తున్నవాళ్ళ వీపులే. ఈసారి అలా కాకూడదనుకుని మేమిద్దరమే ఒక మంగళవారం పులిహోర డబ్బాలో పెట్టుకుని పారమటా నుంచి ఫెర్రీలో బయలుదేరాం. గంటకు పైగా నది మీద ప్రయాణం. చివర్లో బ్రిడ్జి కింద నుంచి పడవ వెళ్తుంటే మా వారు తల పైకెత్తినవారు మళ్ళీ దించలేదు. సర్క్యులర్ కీ అనే ఫెర్రీ రేవులో దిగి నీళ్ళవైపు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు ఒపెరా హౌస్, ఎడమచేతి వైపు రాక్స్. జనమంతా కుడికి వెళ్తుంటారు. మీరు ఎడమకి తిరగండి.

1788 జనవరిలో పదకొండు ఓడల్లో ఇంగ్లండ్ నుంచి ఖైదీలను తెచ్చి దింపింది ఈ రేవులోనే. పడమటి ఒడ్డున ఉన్న ఇసుకరాతి గుట్ట మీద ఆ ఖైదీలు గుడిసెలు వేసుకున్నారు. రాళ్ళ మీద లేచిన పేట కాబట్టి రాక్స్ అన్న పేరు పడింది. అంతకు ముందు ఇది గాడిగల్ అనే ఆదివాసీ ప్రజల నేల. ఓడలు వచ్చిన మరుసటి ఏడాదే, 1789లో, మశూచి పాకి వాళ్ళలో చాలామంది చనిపోయారు. ఈ సంగతి తెలుసుకోకుండా ఆ వీధుల్లో తిరగకూడదని నా అభిప్రాయం.

మొదట కనిపించేది క్యాడ్‌మన్స్ కాటేజీ. 1816లో కట్టిన చిన్న రాతి ఇల్లు, సిడ్నీలో మిగిలిన అతి పాత ఇళ్ళలో ఒకటి. గుర్రం దొంగతనం కేసులో శిక్షపడి వచ్చిన జాన్ క్యాడ్‌మన్ అనే ఖైదీ తర్వాత ప్రభుత్వ పడవలన్నిటికీ పర్యవేక్షకుడై అక్కడ కాపురం పెట్టాడు. అప్పట్లో నీళ్ళు గుమ్మం దాకా వచ్చేవట. తర్వాత ఒడ్డు పూడ్చి రేవుగట్టు కట్టడంతో ఇప్పుడు ఆ ఇంటికీ నీళ్ళకీ మధ్య రోడ్డు వచ్చేసింది. నర్సాపురం గోదావరి గట్టున పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకు అక్కడ కాసేపు నిలబడాలనిపించింది.

అక్కడి నుంచి సందుల్లోకి వెళ్ళాం. సూయజ్ కెనాల్ అని ఒక సందు ఉంది, ఎదురుగా మనిషి వస్తే పక్కకి ఒదగాల్సిందే. ఆర్గైల్ కట్ అని గుట్టని తొలిచిన దారి ఉంది, అక్కడి రాతిగోడని చేత్తో తడిమి చూడండి. గుట్టకి ఇటూ అటూ దారి కలపడానికి 1843లో ఖైదీల చేత రాయి తవ్వించడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, చివరికి మందుగుండు పెట్టి 1859లో పూర్తి చేశారు. ఆ పలుగు దెబ్బలు గోడ మీద ఇంకా కనిపిస్తాయి. ముప్పై ఏళ్ళు సోషల్ పాఠం చెప్పాను, ఖైదీల చాకిరీ అన్న మాట పుస్తకంలో ఎన్నిసార్లు చదివించానో లెక్కలేదు, ఆ గోడ మీద చెయ్యి పెట్టినప్పుడు కలిగిన భావం మాత్రం ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

సుసానా ప్లేస్ తప్పకుండా చూడండి. 1844లో ఐర్లండ్ నుంచి వచ్చిన దంపతులు కట్టించిన నాలుగు ఇళ్ళ వరస అది. ఒకదాని తర్వాత ఒకటిగా వందకు పైగా కుటుంబాలు అక్కడ అద్దెకున్నాయి, 1990 దాకా మనుషులు కాపురమున్నారు, ఇప్పుడు మ్యూజియం. మ్యూజియం అంటే అద్దాల పెట్టెలు కాదు. గోడలకి ఒకదాని మీద ఒకటి అంటించిన కాగితం పొరలు, కింద నేలమాళిగలో వంటిల్లు, పెరట్లో బట్టలుతికే గది, దూరంగా మరుగుదొడ్డి, మూలన చిన్న కిరాణా కొట్టు. మా అమ్మమ్మగారి ఇంటి పెరడు గుర్తొచ్చి నాకు కళ్ళు చెమర్చాయి. రాజుల కోటలు దాచిపెట్టే దేశాలు చాలా ఉన్నాయి, అద్దెకున్నవాళ్ళ ఇంటిని ఇంత శ్రద్ధగా దాచిపెట్టడం నేనెక్కడా చూడలేదు.

అసలు ఈ పేట ఎన్ని గండాలు దాటి నిలిచిందో చెప్పాలి. మన బొంబాయిని 1896లో పట్టుకున్న ఆ ప్లేగే 1900లో సిడ్నీ రేవుకి చేరింది, ఊళ్ళో 103 మంది చనిపోయారు. ఎలుకలను పట్టి తెస్తే డబ్బులిచ్చారు. ఆ వంకతో రేవు పక్క ఇళ్ళన్నీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని చాలా వాటిని కూల్చేసింది. తర్వాత 1932లో తెరిచిన ఈ బ్రిడ్జి కోసం ఇంకొన్ని వందల ఇళ్ళు పోయాయి, ప్రిన్సెస్ స్ట్రీట్ అనే వీధికి వీధే లేకుండా పోయింది. మనం సెల్ఫీలు దిగే బ్రిడ్జి ఆ ఇళ్ళ మీద నుంచి లేచింది.

అన్నిటికంటే పెద్ద గండం 1970ల్లో వచ్చింది. మిగిలిన పాత పేటని కూడా పడగొట్టి ఆఫీసు టవర్లు కట్టాలని ప్లాన్ వేశారు. అద్దెకున్నవాళ్ళు నీటా మెక్‌రే అనే ఆవిడ ముందుండి నడిపిస్తే సంఘం పెట్టుకున్నారు, కానీ వాళ్ళ మాట వినేదెవరు? అప్పుడు వాళ్ళకి అండగా వచ్చింది బిల్డింగులు కట్టే కూలీల యూనియన్. నాయకుడు జాక్ మండీ. పేటవాళ్ళు వద్దంటున్న పని మేం చెయ్యం, కూల్చం, కట్టం అని 1971లో పని నిలిపేశారు. దీన్నే గ్రీన్ బ్యాన్ అన్నారు. ఆలోచించండి, ఆ టవర్లు కడితే కూలి దక్కేది వాళ్ళకే, పస్తులుండేదీ వాళ్ళే, అయినా తమది కాని ఇంటి కోసం వద్దన్నారు. 1973 అక్టోబరులో యూనియన్‌లో లేనివాళ్ళని తెచ్చి కూల్చబోతే అడ్డంపడ్డారు, జాక్ మండీని పోలీసులు ఎత్తుకుని తీసుకెళ్ళారు. 1975 నాటికి టవర్ల ప్లాన్ చాలావరకు వదులుకోవాల్సి వచ్చింది. మనం ఈరోజు తిరిగే సందులన్నీ ఆ కూలీలు మిగిల్చినవే. ఆర్గైల్ స్ట్రీట్‌లో కొంత భాగానికి జాక్ మండీ ప్లేస్ అని పేరు పెట్టారు, ఆ బోర్డు కింద నన్ను నిలబెట్టి ఫొటో తియ్యమని మా వారిని అడిగాను.

అంతా సుఖాంతం అని మాత్రం రాయలేను. ఆ పోరాటం తర్వాత పేదలు అక్కడే ఉండాలని 'సిరియస్' అనే కాంక్రీటు బిల్డింగు కట్టి ప్రభుత్వమే అద్దెకిచ్చింది. అందులోని చివరి మనిషి 2018లో ఖాళీ చేయాల్సి వచ్చింది, బిల్డింగు అమ్మేశారు, ఇప్పుడవి కోటీశ్వరుల ఫ్లాట్లు. ఇళ్ళు నిలబడి మనుషులు వెళ్ళిపోవడం నాకు చాలా బాధనిపించింది. దాని గురించి కూడా రాయాలి.

బ్రిడ్జి కింద డాస్ పాయింట్ దగ్గర బెంచీ మీద కూర్చున్నప్పుడు మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పిన సంగతి ఒకటి ఉంది. విలియం డాస్ అనే యువ అధికారి అక్కడ నక్షత్రాలు చూసే చిన్న కేంద్రం పెట్టుకుని, పట్యెగరంగ్ అనే ఆదివాసీ అమ్మాయి దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. అందులో 'పుటువా' అని ఒక మాట. చలిమంట దగ్గర చెయ్యి కాచుకుని, ఆ చేత్తో పక్కవాళ్ళ వేళ్ళని మెత్తగా నొక్కడం అని అర్థం. ఇంత పనికి ఒక్క మాట! ఆ అమ్మాయి చెప్పకపోతే, ఇతను రాసుకోకపోతే ఆ మాట మనదాకా వచ్చేదే కాదు. ఆ రోజు గాలి బాగా చల్లగా ఉంది, మా వారు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

మీకు నా విన్నపం ఒకటే. పిల్లల దగ్గరికి ఆరేసి నెలలు వచ్చే అమ్మానాన్నలు మీ పేపర్ చూసే ఊరు చూస్తారు. వాళ్ళ కోసం రాక్స్ మీద ఒక పూర్తి పేజీ వెయ్యండి, ఆ కూలీల కథ తప్పకుండా చెప్పండి. వచ్చేవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. శనాదివారాల్లో సంత వల్ల రద్దీ ఉంటుంది, మామూలు రోజుల్లో వెళ్ళండి. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులుంటే ఆగి ఆగి ఎక్కండి, మంచి బూట్లు వేసుకోండి. పైన అబ్జర్వేటరీ హిల్ మీద మర్రిలాంటి పెద్ద చెట్లున్నాయి, అన్నం అక్కడ తినండి. అప్పట్లో కింద రేవులోని ఓడల కెప్టెన్లు గడియారం సరిచేసుకోవడానికని 1858లో పెట్టిన పసుపుపచ్చటి గోళం ఒకటి అక్కడి బురుజు మీద సరిగ్గా ఒంటిగంటకి కిందికి దిగుతుంది. అయిదు నిమిషాలు ముందే చేరుకోండి, మేం డబ్బా మూత తీస్తుండగా దిగిపోయింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచరు,
నర్సాపురం, ప్రస్తుతం సిడ్నీ