చంటిబిడ్డనూ ప్రయాణికుడిగా లెక్కించండి: పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారములు.

విమానం ఆలస్యమైనప్పుడు, రద్దయినప్పుడు విమానయాన సంస్థలు ప్రయాణికులకు ఏమేమి సమకూర్చాలో నిర్దేశించే డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్) నిబంధనల్లో, రెండేళ్లలోపు చంటిబిడ్డల అవసరాలను విడిగా, స్పష్టంగా చేర్చవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను ఉత్తరాంధ్రలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని, ఒక పసివాడికి అమ్మమ్మను.

మన ఇళ్లలో తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రావడం, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకుని అత్తవారింటికి వెళ్లడం ఆనవాయితీ అని మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ అత్తవారిల్లు ఒకప్పుడు పక్క ఊళ్లోనో పక్క జిల్లాలోనో ఉండేది. ఇప్పుడు పుణెలోనో, గురుగ్రామ్‌లోనో, అమెరికాలోనో ఉంటోంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం ఉద్యోగినులకు మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు 26 వారాల సెలవు ఇచ్చింది. అది ముగిసేసరికి బిడ్డకు ఇంకా ఘనాహారం అలవాటు కాకముందే తల్లి తన ఉద్యోగం ఉన్న ఊరికి చేరుకోవాలి. విశాఖపట్నం నుంచి పుణెకు రైలులో దాదాపు ఒక రోజు పడుతుంది కనుక, పచ్చి బాలింతకు విమానం విలాసం కాదు, అవసరం.

పోయిన శీతకాలంలో మా అమ్మాయితో, నెలల పిల్లవాడైన మనవడితో కలిసి ప్రయాణిస్తూ, పొగమంచు వల్ల ఒక విమానాశ్రయంలో చాలాసేపు ఆగిపోయాం. నిబంధన ప్రకారం పెద్దవాళ్లందరికీ తినడానికి, తాగడానికి ఇచ్చారు. మా అమ్మాయికి పాలు చాలక వైద్యుల సలహా మీద డబ్బాపాలు కూడా పడుతున్నాం కాబట్టి, ఫ్లాస్కులో తెచ్చుకున్న వేడినీళ్లు అయిపోయాక మరికొన్ని ఇప్పించమని అడిగాం. గేటు దగ్గరి ఉద్యోగి తినుబండారాల దుకాణానికి వెళ్లమన్నాడు, దుకాణంవారు సంస్థ కౌంటరులో అడగమన్నారు, కౌంటరులోని అమ్మాయి తనకు అటువంటి ఏర్పాటేదీ లేదని చెప్పింది. వాళ్లలో ఎవరూ నిర్దయగా మాట్లాడలేదు. ఏం చేయాలో వాళ్లకు చెప్పిన నిబంధనే లేదు, నా ఫిర్యాదు అంతా దాని గురించే.

ప్రస్తుత నిబంధన ప్రకారం, రెండున్నర గంటలలోపు ప్రయాణానికి విమానం 2 గంటలు ఆలస్యమైతే అల్పాహారం ఇవ్వాలి. ప్రయాణ కాలం పెరిగేకొద్దీ ఆ గడువు 3 గంటలకు, 4 గంటలకు పెరుగుతుంది. పెద్దవాళ్ల ఆకలికి ఈ గడువులు సరిపోవచ్చు. పాలపొడి కలిపే నీరు 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదనీ, కలిపిన పాలు బయట ఉంచితే 2 గంటలలోపు వాడేయాలనీ, మిగిలితే పారబోయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే, విమానం వేళకు కలిపి ఉంచిన సీసా, ఆలస్యాన్ని సంస్థ గుర్తించే సమయానికే బిడ్డకు పనికిరాకుండా పోతుంది. పిండి తెచ్చుకున్న తల్లిపాలైతే గది వేడిమిలో దాదాపు 4 గంటలు నిలుస్తాయి. నేరుగా పాలిచ్చే తల్లికి ఇవేవీ అక్కర లేకపోయినా, నలుగురి మధ్య నిలబడకుండా కూర్చునే చోటు, తాగడానికి నీళ్లు, వేళకు తిండి కావాలి. ఆమె ఆకలితో ఉంటే బిడ్డ కూడా ఆకలితోనే ఉంటుందన్న సంగతి నిబంధన రాసేవారు గుర్తుంచుకోవాలి.

పాలడబ్బాలు ఉచితంగా పంచమని నేను అడగడం లేదు. తల్లిపాల ప్రత్యామ్నాయాల ప్రచారాన్ని, ఉచిత పంపిణీని కట్టడి చేసే 1992 నాటి చట్టం మంచి చట్టం, దానికి ఏ విమానాశ్రయంలోనూ తూట్లు పడకూడదు. నేను అడిగేది మరిగించిన నీళ్లు, సీసా కడుక్కునే వీలు, కొన్ని డైపర్లు, గేటుకు దగ్గరలో తలుపు వేసుకునే ఒక గది. ఆలస్యం గంట దాటగానే, ఎవరూ కౌంటర్ల చుట్టూ తిరిగి బతిమాలనక్కరలేకుండా, సంస్థ సిబ్బందే చంటిబిడ్డలున్నవారి దగ్గరకు వచ్చి అడగాలి. ఏ విమానంలో ఎంతమంది పసివాళ్లున్నారో వెతకవలసిన పని కూడా లేదు. ఒడిలో కూర్చునే బిడ్డకు కూడా సంస్థ రుసుము తీసుకుని, పేరు, పుట్టిన తేదీ నమోదు చేసుకుంటూనే ఉంది. రద్దయిన విమానాలకు బదులు వేరే విమానంలో చోటు కేటాయించేటప్పుడు కూడా ఆ జాబితానే ముందు చూడాలి. 2025 డిసెంబరులో దేశమంతటా వేల విమానాలు రద్దయి జనం విమానాశ్రయాల్లో నేలమీద పడుకున్న రోజుల్లో, ఇటువంటి నియమం ఉండి ఉంటే పసిబిడ్డలున్న కుటుంబాలకు కొంతైనా ఊరట దక్కేది.

విమానం ఎక్కిన తరువాత పాటించవలసిన ఒక సులువైన విషయం కూడా ఉంది. పైకి ఎగిరేటప్పుడు, అంతకన్నా ఎక్కువగా కిందికి దిగేటప్పుడు, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి మారి పసివాళ్ల చెవులు నొప్పి పెడతాయి. పాలు తాగుతూ గుటకలు వేస్తే ఆ నొప్పి తగ్గుతుందని పిల్లల వైద్యులు చెబుతారు. అందుకని తల్లులు పాలిచ్చే వేళను విమానం కదలికకు తగ్గట్టు సర్దుకుంటారు. తలుపులు మూశాక విమానం రన్‌వే వరుసలో గంటసేపు నిలిచిపోతే ఆ లెక్కంతా తప్పుతుంది. ఎంతసేపు ఆగాలో తెలిసిన వెంటనే చెప్పడం, దిగడం మొదలయ్యే ముందు చంటిబిడ్డల తల్లిదండ్రులకు సీటు దగ్గరే మాట చెప్పడం సిబ్బంది విధుల్లో చేరిస్తే చాలు, ఇందుకు రూపాయి ఖర్చు లేదు.

భద్రత గురించి కూడా ఒక మాట. 1989 జూలైలో అమెరికాలోని సూ సిటీలో కూలిన విమానంలో నలుగురు పసివాళ్లు ఒడిలో ప్రయాణిస్తుండగా, వారిలో ఒకరు మరణించారు. అప్పటి నుంచీ అక్కడి రవాణా భద్రతా మండలి రెండేళ్లలోపువారికి కూడా విడి సీటు, బిడ్డను పట్టి ఉంచే తగిన బెల్టు ఉండాలని చెబుతూనే ఉంది. ఆ దేశపు విమానయాన నియంత్రణ సంస్థ మాత్రం, అదనపు టికెట్టు తప్పనిసరి చేస్తే కుటుంబాలు అంతకన్నా ప్రమాదకరమైన రోడ్డు ప్రయాణానికి మళ్లుతాయని అంగీకరించలేదు. మన మధ్యతరగతి స్తోమత చూస్తే ఆ రెండో వాదనే నాకు బలంగా కనిపిస్తోంది కాబట్టి, తప్పనిసరి చేయమని కోరను. కాని బిడ్డకు సీటు కొనదలచినవారికి తగ్గింపు ధర ఉండాలి. ఏయే బేబీ సీట్లు విమానంలో చెల్లుతాయో అన్ని సంస్థలకూ ఒకే జాబితా ఉండాలి.

ఇవి సాధ్యమేనా అన్న సందేహం నాకు లేదు. 12 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులలో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఆదేశించింది. పిల్లలతో ప్రయాణించేవారి కష్టం ఒక ఉత్తర్వుతో తీరగలదని అది చూపింది. 2021లో లోక్‌సభ సభ్యుడిగా ఉంటూ, బడ్జెట్ సమావేశాల సమయంలో మీరు పితృత్వ సెలవు తీసుకున్న వార్త చదివినప్పుడు, బిడ్డ పెంపకం తల్లి ఒక్కదాని పని కాదని మీ అంతటి వారు నలుగురిలో చూపినందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది. ఆ నమ్మకంతోనే మీకు రాస్తున్నాను.

ఉత్తర భారతంలో పొగమంచు డిసెంబరులో మొదలవుతుంది. ఈ సవరణ ముసాయిదాను అంతకు ముందే ప్రజాభిప్రాయానికి పెట్టి, పిల్లల వైద్యులతోనూ, పసిబిడ్డలతో తరచూ ప్రయాణించే తల్లిదండ్రులతోనూ మాట్లాడి, ఈ శీతకాలానికే అమలులోకి తేవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయురాలు,
విజయనగరం జిల్లా నుంచి ఒక అమ్మమ్మ