విశాఖ తీరంలో సెంచూరియన్: ఎనిమిదో తరగతి ప్రాజెక్టు గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఎనిమిదో తరగతి ప్రాజెక్టు, 1804 సెప్టెంబరు 15న మన విశాఖ తీరంలో జరిగిన నౌకాయుద్ధం. ఓడ బొమ్మలు చేస్తే సరిపోదు, వాటి కింద సముద్రపు అడుగు కూడా చేయాలని సోషల్ టీచర్ ఎందుకు పట్టుబడుతున్నారని కొందరు అడిగారు. అది లేకపోతే ఈ యుద్ధం అర్థం కాదు.

అప్పటికి ఇక్కడ లోపలి హార్బరు లేదు. అది 1933లో వచ్చింది. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. ఇనుప మేకులు లేకుండా కొబ్బరితాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకును అలలు దాటించేవారు. ఆ రోజు బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తక ఓడలు ఉన్నాయి. వాటికి కాపలా 50 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్. ఫ్రెంచి అడ్మిరల్ లినోయి 74 ఫిరంగుల మారెంగోతో, అటలాంట్, సెమిలాంట్ అనే రెండు ఫ్రిగేట్లతో (మారెంగో కంటే చిన్నవైన, వేగంగా పోయే యుద్ధనౌకలతో) వచ్చిపడ్డాడు. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పుడు ఒడ్డున ఉన్నాడు. కాల్పులు మొదలుపెట్టించింది లెఫ్టినెంట్ ఫిలిప్స్. లిండ్ పడవెక్కి యుద్ధం మధ్యలో ఓడ చేరాడు.

బార్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ లంగరు మోకు నరికేసుకుంది. లంగరు పైకి లాగాలంటే డజన్లమంది చేరి చక్రం తిప్పాలి, గుండ్లు పడుతుంటే అంత తీరిక ఎక్కడిది? అలా ఒడ్డువైపు, లోతు తక్కువ నీళ్లలోకి జరిగి మళ్లీ లంగరు వేసింది. మారెంగో తరహా ఓడ తేలాలంటే 7 మీటర్లకు పైగా నీరు కావాలి. అది అప్పటికే ఒకసారి అడుగు మేటకు తగిలింది కూడా. అందుకే దగ్గరికి రాకుండా దూరం నుంచే కాల్చింది. సెంచూరియన్ మీది క్యారొనేడ్లేమో పొట్టి గొట్టాల ఫిరంగులు. బరువైన గుండుతో దగ్గర్లో గట్టి దెబ్బ కొడతాయి గానీ అంత దూరం పోవు. ప్రాణం కాపాడిన దూరమే చేతులు కట్టేసింది.

చివరికి లినోయి ప్రిన్సెస్ షార్లెట్‌ను పట్టుకుపోయాడు. సెంచూరియన్‌లో ఒకరు చనిపోయారు, 9 మంది గాయపడ్డారు. కాబట్టి "చిన్న ఓడ గెలిచింది" అని రాస్తే మార్కులు పడవు. కాపాడాల్సిన రెండు ఓడలూ పోయాయి మరి! అయినా లిండ్‌కు సర్ బిరుదు వచ్చింది, లినోయిని నెపోలియన్ తప్పుపట్టాడు. బ్రిటిష్ నౌకాదళం 1847లో ఇచ్చిన పతకంలో ఈ యుద్ధానికి ప్రత్యేకంగా ఒక పట్టీ (పతకం రిబ్బనుకు తగిలించే, యుద్ధం పేరున్న లోహపు ముక్క) ఉంది. దానిమీద తేదీ మాత్రం సెప్టెంబరు 18 అని పడింది. పిల్లలు రెండు తేదీలూ పక్కపక్కన రాయాలి.

ఇక నమూనా సంగతి. కొలత 1:200. మారెంగో 28 సెం.మీ., సెంచూరియన్ 22 సెం.మీ. ఉత్త థర్మోకోల్ ఓడ నీటిపైనే తేలుతుంది, అడుగు తగలదు. కింద ఇనుప నట్లు అంటించి మారెంగోను 3.6 సెం.మీ. మునిగేలా చూడండి. బరువు నడుమ గీతమీదే, వీలైనంత కిందికి ఉండాలి. లేకపోతే తెరచాపలు పెట్టగానే ఒరిగిపోతుంది. ఒడ్డు వాలుకు బంకమట్టి వద్దు, కరిగి నీళ్లు మురికవుతాయి. ఇసుక, సిమెంటు కలిపి వేసి రెండు రోజులు ఆరనివ్వండి. సిమెంటు పని పెద్దవాళ్లే చేయండి. ట్రేలో నీళ్లు ఇంటి దగ్గర పోయకండి, ఆటోలో ఒలుకుతాయి. బడిలో మేమే పోస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు