వార్షిక నివేదిక 2025: సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్లు, రాని సబ్సిడీ

సభ్యులందరికీ నమస్కారం.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన జనరల్ బాడీలో "సెల్లార్‌లో ఎలక్ట్రిక్ బండ్లకు చార్జింగ్ పెట్టిద్దాం, ఖర్చులో చాలా భాగం గవర్నమెంటు సబ్సిడీలో వచ్చేస్తుంది" అని కమిటీ తరఫున చెప్పింది నేనే. మినిట్స్ బుక్కులో ఆ మాట అలాగే ఉంది. ఒక్క రూపాయి రాలేదు, రాదు కూడా. ఎందుకు రాదో, అయినా పని ఎందుకు ఆపలేదో చెప్పేసరికే ఈ నివేదిక చాలావరకు నిండిపోయింది. మిగతా పనుల సంగతి చివర్లో నాలుగు ముక్కల్లో రాశాను.

గొడవంతా ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గర మొదలైంది. మార్చిలో ఒక రాత్రి పదకొండింటికి వాచ్‌మన్ ఫోన్ చేసి, "సార్, కిందికి రండి, కాలిన వాసన వస్తోంది" అన్నాడు. వెళ్లి చూస్తే బి బ్లాక్ మోటారు గది పక్కన, సంపు మోటారు ప్లగ్గు దగ్గర్నుంచి లాగిన బోర్డుకు రెండు స్కూటర్లు, ఒక బ్యాటరీ సైకిలు తగిలించి ఉన్నాయి. తెల్ల బోర్డు ఒక మూల గోధుమ రంగుకు తిరిగింది. ప్లగ్గు పిన్ను దానికే అతుక్కుపోయింది, లాగితే ప్లాస్టిక్ పాకంలా సాగింది. రెండడుగుల అవతల ఎవరో పడేసిన పాత సోఫా ఉంది. బండ్లు ఎవరివో ఇక్కడ రాయను, తెల్లారగానే వాళ్లే వచ్చి మాట్లాడారు. వాళ్లను అని లాభం లేదు. బండి కొనుక్కున్నారు, చార్జింగ్ మరెక్కడ పెట్టుకుంటారు? మూడో అంతస్తు బాల్కనీ నుంచి వైరు వేలాడదీసినవాళ్లు కూడా ఉన్నారు. అప్పటికి మన 84 ఫ్లాట్లలో ఎలక్ట్రిక్ స్కూటర్లు 11, కార్లు 3. డిసెంబరు ఆఖరుకు స్కూటర్లు 19, కార్లు 6 అయ్యాయి.

ఇక సబ్సిడీ. ప్రభుత్వం డబ్బు బండి మీద ఇస్తుంది, ఆ బండి నిలిపే ప్రైవేటు సెల్లార్ మీద ఇవ్వదు. నేను పొరబడింది ఇక్కడే.

బండి మీద ఇచ్చేది కూడా ఏడాదికేడాది కరిగిపోతోంది. ఎలక్ట్రిక్ బండ్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ పథకం ఫేమ్, దాని రెండో విడత 2019 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా నడిచింది. 2021 జూన్‌లో స్కూటర్ల సబ్సిడీని బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కు (అంటే ఒక యూనిట్ కరెంటుకు) రూ.15,000కు పెంచారు, బండి ఫ్యాక్టరీ ధరలో 40 శాతం మించకుండా. 2023 జూన్‌లో దాన్ని రూ.10,000కు దించి, పరిమితిని 15 శాతం చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి పీఎం ఈ-డ్రైవ్ అనే కొత్త కేంద్ర పథకం వచ్చింది. అందులో మొదట కిలోవాట్ అవర్‌కు రూ.5,000, బండికి పది వేలు మించకుండా. 2025 ఏప్రిల్ నుంచి రూ.2,500, అది కూడా ఐదు వేలు దాటకుండా. అంటే 3 కిలోవాట్ అవర్ల స్కూటర్‌కు 2022లో రూ.45,000 దాకా తగ్గేది, 2025 ఏప్రిల్ తర్వాత ఐదు వేలే తగ్గింది. సి బ్లాక్ మాస్టారు అప్పట్లో కొన్నారు, ఆయన అల్లుడు మొన్న దసరాకు కొన్నాడు. మామాఅల్లుళ్లు లిఫ్టు దగ్గర ఈ లెక్క వేసుకుంటుంటే విన్నాను, అల్లుడి ముఖం చూడలేకపోయాను.

ఈ ఐదు వేలు మన చేతికి వచ్చేవి కావు, షోరూం బిల్లులోనే తగ్గేవి. ఆధార్‌తో ముఖం సరిపోల్చి, ఫోనుకు ఈ-వోచర్ పంపేవారు. దాని మీద సంతకం చేసి డీలరుకు ఇవ్వాల్సి వచ్చేది. పథకాన్ని 2028 మార్చి దాకా పొడిగించినా, స్కూటర్లు, ఆటోల సబ్సిడీకి గడువు 2026 మార్చి 31 అని 2025 ఆగస్టులోనే నోటిఫై చేశారు.

సొంత కార్లకు పీఎం ఈ-డ్రైవ్‌లో ఏమీ లేదు. వాటికి లాభం రెండు చోట్ల ఉంది. జీఎస్టీ 5 శాతమే. రెండోది, మన తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన జీవో 41 ప్రకారం రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. పద్నాలుగు లక్షల కారుకు ఇది రెండు లక్షల పైమాటే. ఈ మాఫీ 2026 డిసెంబరు 31 వరకే. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లకు జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది కాబట్టి తేడా మునుపటంత లేదు. రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి.

చార్జింగ్ కోసం పీఎం ఈ-డ్రైవ్‌లో రూ.2,000 కోట్లు పెట్టిన మాట నిజమే. దేశమంతటా 72,300 పబ్లిక్ చార్జర్లు లక్ష్యం. నేను ఆ అంకె చూసే మాట ఇచ్చేశాను, 'పబ్లిక్' అన్న మాట మీద దృష్టి పెట్టలేదు. మార్గదర్శకాలు చదివితే విషయం తేలిపోయింది. ప్రభుత్వ ఆఫీసులు, ఆస్పత్రులు, క్వార్టర్లలో పెడితే, అదీ ఎవరైనా వచ్చి వాడుకునే వీలిస్తే, మొత్తం ఖర్చు ఇస్తారు. రైల్వే స్టేషన్లు, ఎయిర్‌పోర్టులు, ప్రభుత్వరంగ కంపెనీల పెట్రోలు బంకుల్లో అయితే ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్ లాంటి వాటికి 80 శాతం, చార్జర్‌కు 70 శాతం. మాల్స్, మార్కెట్లు, రోడ్డు పక్కన అయితే ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్ వరకే 80 శాతం. గేటుకు తాళం వేసుకునే మన సెల్లార్ ఇందులో ఎక్కడా రాదు.

పీఎం ఈ-డ్రైవ్ మొత్తం రూ.10,900 కోట్లలో పెద్ద వాటా బస్సులది: 14,028 బస్సులకు రూ.4,391 కోట్లు. హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. మన గేటు ముందు బస్టాపులో పొగ తగ్గితే అది కూడా మనకు సబ్సిడీ వచ్చినట్టే అంటుంది మా ఆవిడ. జమాఖర్చుల్లో ఏ పద్దు కింద రాయాలో కోశాధికారి గారు చెప్పాలి.

సబ్సిడీ లేదని తెలిశాక ఆపేద్దామన్నవాళ్లున్నారు. ఆ కాలిన బోర్డును కమిటీ మీటింగులో బల్ల మీద పెట్టాను. తర్వాత ఎవరూ ఆపమనలేదు.

ఎవరి మీటరు నుంచి వాళ్లు కేబుల్ వేసుకుంటే సరిపోదా అని ముగ్గురు అడిగారు. బండి చార్జింగుకు విడిగా కనెక్షన్ తీసుకునే హక్కు, విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణతో ఎవరికైనా ఉంది. కానీ మన ప్యానెల్ గదిలో ఇంకో పాతిక మీటర్లకు గోడ లేదు. అందుకే ఇళ్ల కరెంటు బిల్లు స్లాబులతో సంబంధం లేని ఈవీ (ఎలక్ట్రిక్ బండ్ల) కేటగిరీలో అసోసియేషన్ పేరున ఒకే కనెక్షన్ తీసుకుని, ప్రతి పాయింటుకూ సబ్ మీటరు పెట్టాం. యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తే లైసెన్సు కావాలేమోనని ఒకరు భయపడ్డారు. అక్కర్లేదు. చార్జింగ్ అంటే కరెంటు అమ్మడం కిందికి రాదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే స్పష్టం చేసింది.

ఇప్పుడు స్కూటర్లకు 15 ఆంపియర్ల సాకెట్లు 8, కార్లకు 7.4 కిలోవాట్ల వాల్ బాక్సులు (గోడకు బిగించే చార్జర్లు) 2 ఉన్నాయి. సెప్టెంబరు మధ్య నుంచి నడుస్తున్నాయి. అదనపు లోడు చార్జీలు, డిపాజిట్ కలిపి రూ.1,36,000. కేబుల్, ప్యానెల్, ఎర్తింగ్‌కు రూ.2,71,000. సాకెట్లు, వాల్ బాక్సులు, సబ్ మీటర్లకు రూ.1,77,000. వెరసి రూ.5,84,000. కారుకు పాతిక వేలు, స్కూటర్‌కు ఐదు వేల చొప్పున చేరిక రుసుము రూ.2,45,000 వచ్చింది. మిగిలిన రూ.3,39,000 కార్పస్ (అందరి డబ్బుతో ఉన్న అసోసియేషన్ నిల్వ నిధి) నుంచి పెట్టాం.

ఆ కార్పస్ డబ్బు రాబట్టడానికి యూనిట్ మీద రూపాయిన్నర అదనంగా వేస్తున్నాం. మూడున్నర నెలల్లో 4,460 యూనిట్లు వాడారు, రూ.6,690 వచ్చింది. ఈ లెక్కన కార్పస్ నిండాలంటే దాదాపు పదిహేనేళ్లు పడుతుంది. బండ్లు పెరిగితే త్వరగా తీరొచ్చుగానీ, నేను మళ్లీ మాట ఇవ్వను. "బండి లేని మా డబ్బు ఎందుకు వాడారు?" అన్న పెద్దల ప్రశ్న న్యాయమైనదే. అదనం మూడు రూపాయలు చేయాలన్నది కోశాధికారి గారి ప్రతిపాదన. ఎక్కువ చేస్తే మళ్లీ బాల్కనీ వైర్లు దిగుతాయని నా భయం. మీరే తేల్చండి.

చిన్న చికాకు ఒకటి. ఆరు కార్లకు రెండు వాల్ బాక్సులు, చార్జింగ్ నిండాక కూడా తెల్లారేదాకా తీయనివాళ్లున్నారు. ఎవరో వారికి తెలుసు. రాత్రి పన్నెండు దాటాక గంటకు ఇంత అని జరిమానా పెట్టే తీర్మానం తెస్తున్నాం.

మిగతా పనులు: రెండు సంపులూ కడిగించాం. ఎ బ్లాక్ లిఫ్టు తాడు మార్చాం. వినాయక చవితి చందాలో మిగిలింది పిల్లల ఊయలకు వాడాం. టెర్రస్ లీకేజీ అలాగే ఉంది, రెండుసార్లు చేయించినా ఆగలేదు, ఈ వేసవిలో మొత్తం పెచ్చులు కొట్టించాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు కొత్తవి తెచ్చాం, నాలుగు చార్జింగ్ దగ్గరే ఉన్నాయి. పాత సోఫా యజమాని మాత్రం ఇంకా దొరకలేదు.

సరుకులు తెచ్చే డెలివరీ కుర్రాళ్లు గేటు దగ్గర ఒక సాకెట్ ఇస్తే డబ్బులిచ్చి వాడుకుంటామని అడుగుతున్నారు. ఇద్దామని నా ఉద్దేశం, వద్దని సెక్యూరిటీ కమిటీ ఉద్దేశం. ఆదివారం పదింటికి క్లబ్ హౌస్‌లో జరిగే జనరల్ బాడీలో మొదటి అంశం ఇదే. కోరం కోసం కనీసం 28 మంది రావాలి.

ఇట్లు,
కార్యదర్శి