విడిమాత్రలకు బదులు నాలుగు మందులు కలిసిన మాత్ర పంపినందుకు ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

ఇంటికి మందులు పంపే సంస్థ ఫిర్యాదుల అధికారి గారికి,

అయ్యా,

వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటూ ఊపిరితిత్తుల క్షయకు మందులు వాడుతున్న 45 కిలోల రోగికి డాక్టరుగారు నాలుగు మందులు విడివిడిగా రాశారు. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రోజూ. పైరజినమైడ్, ఎథాంబుటాల్ డయాలసిస్ రోజుల్లోనే, అదీ డయాలసిస్ ముగిశాక. మీవాళ్లు స్టాకు లేదని నాలుగూ కలిసిన మాత్ర పంపి, రోజుకు మూడు వేసుకోమని కవరు మీద రాశారు. డాక్టరుగారిని అడగలేదు. ఇంటికి ఫోనూ చేయలేదు.

అడిగితే ‘అవే మందులు కదండీ’ అన్నారు. మందులు అవే, రోజులు వేరు. ఒక్కో మాత్రలో ఎథాంబుటాల్ 275 మి.గ్రా. ఉంటుంది, మూడింటికి 825. ఈ బరువుకు ఒక పూట మోతాదుగా అది సరైనదే. కానీ వారానికి మూడు రోజులైతే 2,475 మి.గ్రా., మీరు రాసినట్టు ఏడు రోజులూ వేసుకుంటే 5,775. ఎథాంబుటాల్ ఎక్కువభాగం మూత్రంలోనే పోవాలి. కిడ్నీలు పనిచేయనప్పుడు ఒంట్లో పేరుకుని కంటినరాన్ని దెబ్బతీయవచ్చు. అప్పుడు చూపు మసకబారుతుంది, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. షుగరు కూడా ఉన్నవాళ్లు కళ్లజోడు నంబరు మారిందేమో అనుకుని ఊరుకుంటారు, అదే మా భయం.

పోనీ ఆ మాత్రనే వారానికి మూడు రోజులు వేసుకుందామంటే రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ నాలుగు రోజులు ఆగిపోతాయి. క్షయ మందులకు లొంగకుండా పోయేది అలాగే. డాక్టరుగారు విడిమాత్రలు రాసింది అందుకే.

చీటీలోని పైరిడాక్సిన్‌నూ పంపలేదు. అది బలానికి రాసిన విటమిన్ కాదు, ఐసోనియాజిడ్‌తో కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కకుండా రాసింది.

ఈ నాలుగు క్షయ మందులూ షెడ్యూల్ హెచ్1లోవి, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సినవి. చీటీలో ఉన్నదానికి బదులు మరొకటి ఇవ్వకూడదని 1945 నాటి ఔషధ నియమాల్లో 65(11ఎ) చెబుతోంది.

విడిమాత్రలు, పైరిడాక్సిన్ వెంటనే పంపండి. ఈ మాత్ర ఇలా ఇంకెవరికి పంపారో రికార్డులు చూసి ఈరోజే ఫోన్ చేయండి, తెలుగువాళ్లతో తెలుగులో, ఒడియావాళ్లతో ఒడియాలో. క్షయమందులు సొంతంగా మానేయవద్దనీ, తర్వాతి మోతాదుకు ముందే డాక్టరును అడగమనీ, ఒక్కో కన్ను మూసి చూపు పరీక్షించుకోమనీ చెప్పండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే ఉంది. ఇలాంటి చీటీలు మీకు మళ్లీ వస్తాయి.

ఇట్లు,
రోగి తరఫున స్థానిక ఫార్మసిస్టులు