రెక్కల్లో నీళ్లు ఒక పక్కనే మిగిలితే

గౌరవనీయులైన సంపాదకులకు,

నాగార్జునసాగర్ నుంచి లేచే శిక్షణ విమానాలు నల్లగొండ జిల్లా పల్లెలవాళ్లకు కొత్త కాదు. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర అలాంటి విమానం ఒకటి కూలి, శిక్షణలో ఉన్న యువతి మరణించింది. ఆ ప్రమాదానికి కారణాలు చెప్పడం నా ఉద్దేశం కాదు. స్పిన్ గురించి, అంటే విమానం అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ కిందికి పడటం గురించి, ముఖ్యంగా రెండు రెక్కల బరువు సమానంగా లేనప్పుడు వచ్చే స్పిన్ గురించి, మన పిల్లలకు మరింత లోతుగా నేర్పాలని కోరడానికే ఈ లేఖ.

ఉద్యోగరీత్యా జర్మనీలో ఉన్నప్పుడు నేను గ్లైడర్, అంటే ఇంజిన్ లేకుండా గాలిలో తేలే విమానం, నడిపేవాణ్ణి. వేగం కోసం గ్లైడర్ రెక్కల్లో నీళ్లు నింపుతారు, దిగేముందు వదిలేస్తారు. ఒకరోజు లివర్ లాగితే ఎడమ రెక్క వెనుక మాత్రమే తెల్లటి ధార కనిపించింది. కుడివైపు వాల్వు తెరుచుకోలేదు. విమానాన్ని అదుపు చేసే కర్రను, అంటే స్టిక్‌ను, ఎడమకు నొక్కిపట్టుకుంటే తప్ప రెక్కలు మట్టంగా నిలవలేదు. కావడిలో ఒక కుండ నిండుగా, రెండోది వెలితిగా ఉన్నా తిన్నని బాటలో ఎలాగో నడిచేస్తాం గానీ, మలుపు తిరిగేటప్పుడు బద్ద భుజం మీద నిలవదు. ఆ రోజు నేను మామూలుకన్నా ఎక్కువ వేగంతో, మలుపులు తగ్గించుకుని దిగాను.

వేగం తగ్గనిచ్చి ఉంటే, బరువైన రెక్కను ఎత్తిపట్టడానికి కిందికి వంచిన ఎయిలెరానే (రెక్క వెనుక అంచున కదిలే పలక) ఆ రెక్కను ముందుగా స్టాల్ చేసి, అంటే దానికి గాలి ఇచ్చే ఎత్తుబలం పోగొట్టి, గ్లైడర్‌ను అటే స్పిన్‌లోకి దించేది. అప్పుడు పడిపోతున్న రెక్కను స్టిక్‌తో లేపాలని చెయ్యి దానంతటదే పోతుంది, అదే ప్రాణాంతకం. ఎయిలెరాన్లను మధ్యలో ఉంచి, తిరుగుడుకు ఎదురుగా రడ్డర్ (తోక మీద పక్కలకు తిరిగే పలక) పెడల్‌ను పూర్తిగా తొక్కి, స్టిక్‌ను ముందుకు నెట్టాలి. రెక్కల్లోని నీటి బరువు వల్ల ఆ తిరుగుడు ఆగడానికి ఎక్కువ సమయం, ఎక్కువ ఎత్తు ఖర్చవుతాయి. అందుకే చాలా గ్లైడర్ల మాన్యువల్స్ నీళ్లతో కావాలని స్పిన్ చేయడాన్ని నిషేధించాయి. అంటే ఈ పరిస్థితిని గాలిలో సాధన చేయడం కుదరదు, నేలమీదే అర్థమయ్యేలా చెప్పాలి.

శిక్షణ విమానాల్లో నీళ్లుండవు, కానీ రెక్కల్లో ఇంధనం ఉంటుంది. రెండు ట్యాంకులూ ప్రతిసారీ సమానంగానే ఖాళీ అవుతాయని లేదు. కాబట్టి ఎగిరే ముందు రెండు వైపుల ఇంధనాన్నీ విడివిడిగా కొలిచి రాయించాలి. స్పిన్‌కు అనుమతి ఉన్న విమానంలో, తగినంత ఎత్తులో, శిక్షకుడు పక్కన ఉండగా ప్రతి శిక్షణార్థి చేతా స్పిన్ నుంచి రికవరీ (తిరుగుడు ఆపి బయటపడటం) చేయించి లాగ్‌బుక్‌లో నమోదు చేయాలని పౌర విమానయాన అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, మిర్యాలగూడ